ఆకలి తీర్చిన సైన్యం

నెదర్లాండ్స్‌లోని హోల్టెన్ సైనిక శ్మశానంలో 1,350కి పైగా కెనడియన్ల సమాధులున్నాయి. ఏటా క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆ ప్రాంతం పిల్లలు ఒక్కో సమాధి దగ్గరా ఒక్కో కొవ్వొత్తి పెడతారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశాన్ని నాజీల చెర నుంచి విడిపించే పోరులో ప్రాణాలిచ్చిన కెనడియన్లు 7,600 మందికి పైనే. ఎనభై ఏళ్లు దాటినా డచ్ ప్రజల కృతజ్ఞత చెక్కుచెదరలేదంటే, అది యుద్ధం గెలిపించినందుకు మాత్రమే కాదు, తిండి పెట్టినందుకు కూడా అని మేం నమ్ముతున్నాం.

1944 సెప్టెంబర్‌లో, లండన్‌లో తలదాచుకున్న డచ్ ప్రభుత్వం పిలుపుతో రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. నాజీలు కక్షగట్టి పడమటి నగరాలకు ఆహారం ఆపేశారు. ఆంక్ష కొంత సడలినా బొగ్గు లేదు. చలి ముదిరి కాలువలు గడ్డకట్టడంతో పడవలూ కదల్లేదు. ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్ వాసులు తులిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఇంట్లోని దుప్పట్లు, నగలు సైకిల్‌కు కట్టుకుని పల్లెలకు పోయి, నాలుగు బంగాళాదుంపలకు మార్చుకున్నారు. సుమారు 20 వేల మంది ఆకలికి బలయ్యారు.

ఇందులో మిత్రరాజ్యాల తప్పులూ ఉన్నాయి, వాటినీ చెప్పుకోవాలి. పొరుగున బెల్జియంలోని ఆంట్‌వర్ప్ రేవు సెప్టెంబర్ 4నే చేతికొచ్చినా, దానికి సముద్రపు దారైన షెల్ట్ నదీముఖాన్ని పై కమాండర్లు జర్మన్లకు వదిలేశారు. ఆ పొరపాటు దిద్దడానికి కెనడా సైన్యం బురదలో, వరద నీళ్లలో వారాల తరబడి పోరాడింది. చనిపోయినవారు, గాయపడినవారు, గల్లంతైనవారు కలిపి 6,300 మందికి పైగా కెనడియన్లు. ఆ నదీముఖం దగ్గరి వాల్చెరన్ దీవి కరకట్టలను బ్రిటిష్ విమానాలే కూల్చి, జనం పొలాల మీదికి సముద్రాన్ని వదిలాయి.

1945 ఏప్రిల్ 30న ఆఖ్టర్‌వెల్డ్ ఊళ్లోని ఒక బడిలో మిత్రరాజ్యాల అధికారులు, నెదర్లాండ్స్‌ను ఏలుతున్న నాజీ సైస్-ఇన్‌క్వార్ట్ ఎదురెదురుగా కూర్చున్నారు. జర్మనీ ఇంకా లొంగలేదు. అయినా జనానికి ఆహారం చేర్చడం గురించి మాట్లాడుకున్నారు. అంతకు ముందురోజే విమానాలు ఆహార మూటలు జారవిడవడం మొదలైంది. మే 2 నుంచి కెనడా, బ్రిటిష్ డ్రైవర్లు నడిపిన సుమారు 360 లారీలు, తుపాకులు మౌనం వహించిన దారిలో శత్రువు వైపు సరుకు మోశాయి. అక్కడి జర్మన్ సైన్యం లొంగుబాటుపై కెనడా జనరల్ ఫౌక్స్ వాగెనింగెన్‌లో చర్చలు జరిపింది మే 5న. అంటే విజయం కంటే తిండే ముందు చేరింది.

నేటి యుద్ధాల్లోనూ ఆహార లారీలను సరిహద్దుల దగ్గర నిలబెడుతున్నారు. సరుకు శత్రువు చేతికి పోతుందన్నది ప్రతిసారీ వినిపించే సాకు. ఆ అనుమానం 1945లోనూ ఉంది, అయినా లారీలు కదిలాయి. ఆకలితో ఉన్న జనం కోసం శత్రువుతో మాట్లాడితే అతని నేరాన్ని క్షమించినట్టే అనుకునే పాలకులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ బడిలో ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిన సైస్-ఇన్‌క్వార్ట్‌ను, నాజీ నేతల యుద్ధ నేరాలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు తీర్పు ప్రకారం 1946 అక్టోబర్‌లో ఉరితీశారు.