కోర్టు పోగొట్టిన కాగితాన్ని అప్పీలుదారు వెతకాలా?

మా పెదనాన్నకు గోదావరి గౌతమి పాయ ఒడ్డున లంకలో ఎకరం పావు కొబ్బరితోట ఉండేది. పక్క తోటవారితో గట్టు తగాదా వచ్చి దావా దాకా వెళ్లింది. స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనర్ సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చారు. గొలుసు వేసి కొలిపించి, గట్టుకు ఇటు ఎన్ని చెట్లున్నాయో, అటు ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకుని, ఎర్ర సిరాతో హద్దు గీసిన ప్లాను దాఖలు చేశారు. దావా ఓడిపోయాం. ఆ ప్లానును కింది కోర్టు తప్పుగా చదివిందన్నదే మా అప్పీలు. తీరా అది వాదనకు వచ్చిన రోజున కేసు కాగితాల బండిల్‌లో ప్లాను లేదు. జాబితాలో మాత్రం ప్లాను సి-2 గుర్తుతో ఉంది. విప్పి చూస్తే సి-1 నివేదిక తర్వాత నేరుగా సాక్షి వాంగ్మూలమే ఉంది.

కింది కోర్టులో అడిగితే, ‘రికార్డంతా పైకి పంపేశాం’ అన్నారు. పై కోర్టులో అడిగితే, ‘మాకు వచ్చింది ఇంతే’ అన్నారు. గట్టిగా అడిగేసరికి, ‘అప్పీలు వేసింది మీరు కదండీ, నకలు మీరే తెచ్చుకోవాలి’ అన్నారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, తప్పు తనదేనేమో అన్నట్టు తల వంచుకుని మెట్లు దిగారు. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదలలేదు.

తప్పు ఆయనది కాదు. ఒక కాగితాన్ని సాక్ష్యంగా స్వీకరించి, దాని మీద ఏ-1 అనో బి-3 అనో గుర్తు వేసి, జడ్జి సంతకం చేసిన క్షణం నుంచి అది కోర్టు అదుపులోకి వెళుతుంది. అంతకుముందు రోజు వరకు తన ట్రంకుపెట్టెలో ఉన్న సొంత దస్తావేజునైనా సరే, అనుమతి లేకుండా కక్షిదారు వెనక్కి తీసుకోలేడు. తాకే హక్కు లేని మనిషి మీద కాపాడే బాధ్యత ఎలా పెడతారు?

క్రిమినల్ అప్పీళ్లలో చట్టం సూటిగానే ఉంది. విచారణకు తీసుకున్న అప్పీలులో రికార్డు తెప్పించుకోవలసింది అప్పీలు కోర్టేనని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 385వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ నిబంధన కొనసాగుతోంది. రికార్డు పోయిన ఒక లంచం కేసులో, కింది కోర్టు తీర్పును ఆధారం చేసుకుని హైకోర్టు శిక్షను ఖాయం చేస్తే, సుప్రీం కోర్టు 2023 ఏప్రిల్‌లో ఆ శిక్షను కొట్టివేసింది. అలాగని కాగితాలు దొరకలేదు కాబట్టి అందరినీ విడిచిపెట్టడమూ కుదరదు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో, ముందు రికార్డును తిరిగి కూర్చడానికి గట్టిగా ప్రయత్నించాలని, కాకపోతే మళ్లీ విచారణ జరపడం వీలవుతుందేమో చూడాలని అదే న్యాయస్థానం 2004లో చెప్పింది. శిక్ష పడి రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో అప్పీలు కోసం ఎదురుచూసేవాడికి ఈ కూర్పు ఆలస్యమైన ప్రతి రోజూ జైలు రోజే.

సివిల్ కేసుల్లోనే కక్షిదారును ఎక్కువగా తిప్పుతారు. మెటీరియల్ పేపర్లు, అంటే వాదనకు కావలసిన కాగితాల నకళ్లు, దాఖలు చేయవలసింది అప్పీలుదారే కాబట్టి, అసలు కాగితం పోయినా భారం అతనిదే అన్నట్టు మాట్లాడతారు. ఈ రెండూ ఒకటి కావు. తీర్పు నకలు ఇవ్వడానికి కోర్టుకు పట్టిన రోజులను అప్పీలు గడువులోంచి మినహాయించాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. కోర్టు ఆలస్యాన్ని కక్షిదారు లెక్కలో రాయకూడదని ఒప్పుకున్న చట్టం మనది. కోర్టు పోగొట్టినదాన్ని మాత్రం అతని లెక్కలో ఎందుకు రాయాలి? పైగా రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం జిల్లా కోర్టులపైన, వాటి కింది కోర్టులపైన అజమాయిషీ హైకోర్టుదే. హైకోర్టు ఎక్కడుంటే అక్కడికి, గోదావరి జిల్లాల రికార్డులు 1954 వరకు మద్రాసుకు, ఆపైన రెండేళ్లు గుంటూరుకు, తర్వాత హైదరాబాదుకు, 2019 నుంచి అమరావతికి వెళుతున్నాయి. ఇన్ని మజిలీల్లో ఎక్కడ ఏం జారిపోయినా కక్షిదారు చూడలేడు. కనిపెట్టి ఉండగలిగింది కోర్టుల యంత్రాంగమే.

న్యాయవాదులకూ ఇందులో వాటా ఉంది. రికార్డు వచ్చిన వారంలో తనిఖీ చేయకుండా, ఏళ్ల తర్వాత వాదన మొదలుపెట్టే రోజున బండిల్ విప్పితే, అప్పటికి ఆ సీట్లలో ఉన్న గుమాస్తాలు బదిలీ అయి ఉంటారు. అయినా కాగితం లేదని పట్టుకోవడమే న్యాయవాదుల పని. తెచ్చి పెట్టడం కోర్టు పని.

కోర్టులను కంప్యూటరీకరించే ఈ-కోర్టుల పథకం మూడో దశకు కేంద్రం 2023లో రూ.7,210 కోట్లు ఆమోదించింది. అందులో రూ.2,000 కోట్లకు పైగా రికార్డుల స్కానింగు, డిజిటలీకరణకే. మంచిదే. కానీ పేజీలు లెక్కపెట్టకుండా స్కాన్ చేస్తే, లేని ప్లాను కంప్యూటర్లోనూ ఉండదు. పంపేటప్పుడు పేజీల లెక్క మీద ఒక అధికారి పేరుతో సంతకం పెట్టాలి. అందుకున్నవారు సరిచూసి, లోటు ఉంటే ఇరుపక్షాలకూ వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి. తిరిగి కూర్చే ఖర్చు కోర్టే పెట్టుకోవాలి. ఎదుటి పక్షం దగ్గర నకలు ఉంటే ప్రమాణపత్రంతో దాఖలు చేయించాలి. మా కేసులో మా ప్లీడరు గుమాస్తా పాత పెట్టెలో ఒక నకలు దొరికింది. దాని మీద కోర్టు ముద్ర లేదని అవతలివారు అభ్యంతరం చెప్పారు, ఆ నకలు చెల్లలేదు.

కొత్తగా కొలిపించమని కేసును కింది కోర్టుకు తిప్పి పంపారు. మెట్ట ప్రాంతంలో అయితే ఆ ఉత్తర్వుకు అర్థం ఉండేదేమో. లంకలో భూమి ఆగదు. వరద వచ్చిన ప్రతిసారీ ఒక ఒడ్డు కోసుకుపోతుంది, మరో ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. పాతికేళ్ల కిందట గట్టు ఎక్కడ ఉండేదో చెప్పగలిగింది ఆ ప్లాను ఒక్కటే.

రెండో కమిషనర్ పడవలో వచ్చారు. హద్దు ఎక్కడని అడిగితే పెదనాన్న చేతికర్ర ఎత్తి నది నడిమి వైపు చూపించారు. కొలవడానికి వీలుపడలేదని కమిషనర్ అక్కడే రాసుకున్నారు. ఆయన నివేదికకు ప్లాను జత చేయలేదు.