కనేష్ పెళ్లి ఒప్పందంలో సరోగసీ ఎక్కడుంది?

“4,000 ఏళ్ల కిందటే సంతానలేమిని డయాగ్నోస్ చేశారు. సరోగసీ కూడా ఉంది. కొడుకు పుట్టగానే ఆ తల్లికి స్వేచ్ఛ ఇచ్చేవారు.” టర్కీలో కొత్తగా దొరికిన మట్టిపలక అంటూ 2017లో పాకిన వార్త ఇది.

పలక నిజమైనదే. కైసేరి దగ్గరి కుల్‌తెపే దిబ్బే ఒకప్పటి కనేష్ నగరం. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న పురాతన నగరం అష్షూర్ నుంచి వచ్చిన వర్తకులు అక్కడ ఒక పేట కట్టుకుని ఉండేవారు. సుమారు 1,000 కిలోమీటర్లు గాడిదల మీద తగరం, ఉన్ని బట్టలు తెచ్చి అమ్మి, వెండి, బంగారం పంపేవారు. వాళ్ల ఇళ్లలో 20,000కు పైగా పలకలు బయటపడ్డాయి. ఉత్తరాలు, అప్పు పత్రాలు, ఇలాంటి పెళ్లి ఒప్పందాలు.

కొత్తగా దొరికిందన్నది మాత్రం తప్పు. ఈ పాఠం 1950ల్లోనే అచ్చయింది.

ఇక డయాగ్నోసిస్ సంగతి. లకీపుమ్ అనే అతను ఎనిష్రు కూతురు హతాలను పెళ్లాడాడు. రెండేళ్లలో బిడ్డ పుట్టకపోతే, బిడ్డను కనడానికి హతాలే ఒక బానిస స్త్రీని కొనాలి. సంతానలేమి గురించి పలకలో ఉన్నది ఇంతే. వైద్యుడు లేడు, రోగం పేరు లేదు, మందు లేదు. భూమి అగ్రిమెంట్‌లో గడువు రాసుకున్నట్టు ఇక్కడా ఒక గడువు రాసుకున్నారు.

వార్తలో ఇద్దరు స్త్రీలను ఒకరిగా కలిపేశారు కూడా. అనటోలియాలో, అంటే కనేష్ ఉన్న ఇప్పటి టర్కీ ప్రాంతంలో, ఉన్నంతకాలం లకీపుమ్ మరో పెళ్లి చేసుకోకూడదు. అష్షూర్‌లో మాత్రం ‘కదిష్తుమ్’ను, అంటే దేవుడికి అంకితమైన స్త్రీని, చేసుకోవచ్చు. అది వేరే షరతు. బిడ్డను కనడానికి కొనే బానిసతో దానికి సంబంధం లేదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ‘స్వేచ్ఛ’ అన్న మాట. పలకలో ఉన్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. బిడ్డ పుట్టాక ఆ బానిసను హతాల తన ఇష్టమున్న చోట అమ్మేయవచ్చు. కొడుకే పుట్టాలని కూడా లేదు, సంతానం అని మాత్రమే ఉంది. డబ్బిచ్చి కొని, బిడ్డను కనేలా చేసి, మళ్లీ అమ్ముకునేదాన్ని సరోగసీ అనడం అన్యాయం. ఆమె ఇష్టంతో ఇందులో ఎవరికీ పనిలేదు.

నిజంగా చెప్పుకోదగ్గ షరతును ఆ వార్త చదివినవాళ్లలో ఎంతమంది గమనించారో. లకీపుమ్ విడాకులు కోరితే అయిదు మినాల వెండి కట్టాలి. హతాల కోరినా అదే అయిదు. మినా అంటే దాదాపు అర కిలో. అంటే భర్త వదిలేసినా, భార్య వదిలేసినా రెండున్నర కిలోల వెండి తూచి ఇవ్వాల్సిందే.