పని దొరికింది సరే, గది ఎవరిస్తారు?
చంచల్‌గూడ జైలు దగ్గరి పెట్రోలు బంకులో విడుదలైన ఖైదీలకు పని ఇస్తున్నారన్న మీ వ్యాసం చదివి చాలా సంతోషం వేసింది. ఆ బంకులో నేనూ ఎన్నోసార్లు పెట్రోలు కొట్టించాను.

కానీ పని ఒక్కటే చాలదండీ. మా పెదనాన్న కొడుకు ఏడేళ్ల శిక్ష ముగించుకుని బయటికొస్తే మూడు నెలలు అద్దెకి గది దొరకలేదు. ముందు బాగానే మాట్లాడేవాళ్లు, కేసు సంగతి తెలియగానే "వేరేవాళ్లకి మాటిచ్చేశాం" అనేవాళ్లు. బ్యాంకు ఖాతా ఎప్పుడో ఆగిపోయింది. ఆధార్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు ఇంకెవరి దగ్గరో ఉంది. లోపల వడ్రంగం నేర్చుకున్నాడు, మంచి పనివాడు, అయినా పనిముట్లు కొనడానికి చేతిలో డబ్బు లేదు. చివరికి మా వదిన గాజులు కుదువపెట్టి రంపం, చిత్రిక, ఉలులు కొనిపెట్టింది. ఇప్పుడు తలుపులు, మంచాలు చేస్తున్నాడు.

అలాంటి వదిన లేనివాళ్ల సంగతేంటి? 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం పుణ్యమా అని, కోర్టు జైలుకి పంపకుండా షరతులతో వదిలినవాళ్లను కనిపెట్టుకుని సాయం చేసే ప్రొబేషన్ అధికారులైతే ఉన్నారు. విడుదలకి ముందే ఎవరో ఒకరు ఆధార్, బ్యాంకు కాగితాలు సరిచేయించి, మొదటి నెల తలదాచుకోవడానికి చోటు చూపించాలి. బంకులు నడపగలిగిన జైళ్ల శాఖ ఇదీ చేయగలదు. దయచేసి దీని మీద కూడా రాయండి.