కేజీఎఫ్ దిబ్బల్లో బంగారం సరే, గనుల్లో నిండిన నీటికి బాధ్యులెవరు?

కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు)లో సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన మట్టితో ఏర్పడ్డ 13 సైనైడ్ దిబ్బలను మళ్లీ శుద్ధిచేసి మిగిలిన బంగారం తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. వెయ్యి ఎకరాలకు పైగా నేల, సుమారు 3.3 కోట్ల టన్నుల మట్టి. మారికుప్పం నుంచి రోజూ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు వచ్చి పనిచేసి వెళ్లే కుటుంబాలకు ఇది పెద్ద ఆశ. ఊళ్లోనే మళ్లీ పని దొరకాలని కోరుకోవడం న్యాయం. కానీ ఆ దిబ్బల పక్కనే, నేల లోపల, చాంపియన్ రీఫ్‌లో దాదాపు 3.2 కిలోమీటర్ల లోతుదాకా తవ్వి వదిలేసిన గనుల్లో చేరిన నీటి సంగతి ఈ చర్చలో దాదాపుగా వినిపించడం లేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నీరు తోడే పంపులు ఆగాయి. గనికి మూసివేత ప్రణాళిక ముందే ఇవ్వాలన్న నిబంధన దేశంలో 2003లో వచ్చింది. అంటే 120 ఏళ్ల చరిత్ర ఉన్న ఈ గనులు ఆ నిబంధన కంటే రెండేళ్ల ముందే, దాని రక్షణ లేకుండానే మూతపడ్డాయి.

పాత గనిలో నీరు ఎందుకు చెడిపోతుందో చూద్దాం. రాతిలోని పైరైట్ వంటి సల్ఫైడ్ ఖనిజాలకు గాలి, నీరు రెండూ తగిలితే గంధకామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాతిలోంచి ఇనుము, జింకు, ఆర్సెనిక్ లాంటివి కరిగించి తెస్తుంది. గని పూర్తిగా మునిగితే గాలి అందక ఈ చర్య మందగిస్తుంది, అందుకే పాత గని సొరంగం నోటికి కాంక్రీటు బిరడా వేసి లోపల నీటితో నింపేయాలని ఇచ్చే సలహా శాస్త్రపరంగా తప్పేమీ కాదు. చిక్కేమిటంటే, నీటి మట్టం పెరిగేటప్పుడు ఏళ్లుగా గోడల మీద పేరుకున్న లవణాలన్నీ ఒక్కసారిగా కరుగుతాయి. మొదట బయటికి వచ్చే నీరే అన్నిటికంటే విషపూరితం.

అలా మూసే బిరడా మీద పడే భారం ఊహకు అందదు. వెనక నీరు 300 మీటర్ల ఎత్తుకు చేరితే చదరపు మీటరుకు 300 టన్నుల ఒత్తిడి. మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న సొరంగంలో బిరడా 2,700 టన్నులు మోయాలి. కాంక్రీటు నిలబడినా చుట్టూ ఉన్న రాతి పగుళ్లు ఊరుకోవు. అమెరికాలోని కొలరాడోలో సన్నీసైడ్ గని కింద ఉన్న అమెరికన్ టన్నెల్‌కు 1996లో బిరడా వేశారు. కొండ లోపల నీరు పెరిగింది. తర్వాతి ఏళ్లలో పక్క గనుల నుంచి నీరు కారడం ఎక్కువైంది. ఈలోగా అక్కడి శుద్ధి ప్లాంటు కూడా ఆగిపోయింది. చివరికి 2015 ఆగస్టు 5న, పక్కనే ఉన్న గోల్డ్ కింగ్ గని నోటి దగ్గర ప్రభుత్వ సిబ్బంది మట్టి తీస్తుండగా కోటి లీటర్లకు పైగా నీరు దూకి ఆనిమాస్ నదిని పసుపుగా మార్చేసింది. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ తగరపు గని 1991లో మూతపడింది. పంపులు ఆపిన కొన్ని నెలలకే, 1992 జనవరిలో, బిరడా తెగి ఫాల్ నదీముఖం ఎర్రబారింది. అక్కడ ఆ నీటికి సున్నం కలిపి శుద్ధి చేసే పని ఇన్నేళ్లయినా తీరలేదు.

మూసివేతకు ఆఖరి తేదీ ఉంటుందనుకోవడమే అసలు పొరపాటని నా అభిప్రాయం. సొరంగం మూయడం ఒకరోజు పని, నీటిని చూసుకోవడం తరాల పని. మన నిబంధనల్లో ఆ రెండోదానికి చోటు చాలా తక్కువ. గని యజమాని కట్టే ఆర్థిక హామీని హెక్టార్ల లెక్కన నిర్ణయిస్తారు. పైన నేల కొలతే తప్ప కింద లోతు, అందులో పట్టే నీరు లెక్కలోకి రావు. పాత గనుల నీరు ఎంత ప్రమాదమో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2003 జూన్‌లో గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ అనే బొగ్గు గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు.

కేజీఎఫ్‌లో కొండ సొరంగాల కంటే నిలువు షాఫ్టులు ఎక్కువ, అవి లోపల ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఒకటి మూస్తే నీరు మరోదాన్ని వెతుక్కుంటుంది. పశ్చిమం వైపు ఉన్న ఖనిజపు సిరల్లో సల్ఫైడ్లు ఎక్కువ కాబట్టి నీటిలో ఆర్సెనిక్ పరీక్ష తప్పనిసరి. షాఫ్టుల నోళ్లు మూయకుండా వదిలేసినా ప్రాణాలు పోతాయి. 2020 మేలో దొంగచాటుగా గనిలోకి దిగిన ముగ్గురు ఊపిరాడక మరణించారు. అలాగని గుడ్డిగా స్లాబు వేసేస్తే కింద ఏం జరుగుతోందో తెలియదు. నీటి మట్టం కొలిచే గొట్టం, గాలి బయటికి పోయే గొట్టం ఆ మూతలోనే ఉండాలి. బంగారం తీసేశాక మిగిలే మట్టిని పాత షాఫ్టుల్లో పోద్దామని ఎవరైనా అంటే, ఆ మట్టి ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత నీరు పైకి లేస్తుందని గుర్తుంచుకోవాలి.

ఈ ప్రాంతం పాలారు పరీవాహకంలోనిది. ఆ నది కోలారు జిల్లా దాటి కుప్పం వైపు, అక్కణ్నించి తమిళనాడుకు పోతుంది. నీటి కరవుతో అల్లాడే కోలారు చెరువులకు 2018 నుంచి బెంగళూరు శుద్ధి జలాలను కేసీ వ్యాలీ పథకం కింద పంపుతున్నారు. అంత దూరం నుంచి నీరు తెచ్చుకునే జిల్లాలో భూగర్భ జలాన్ని కలుషితం కానివ్వడం క్షమించరానిది. అందుకే దిబ్బల టెండరు పత్రాల్లోనే షరతు రాయాలి: ప్రతి షాఫ్టు నీటి మట్టం, ఆమ్లత్వం, లోహాల కొలతలు మూడు నెలలకోసారి కన్నడ, తెలుగు, తమిళాల్లో ప్రచురించాలి. బంగారం రాబడిలో ఒక వాటాను, కంపెనీ వెళ్లిపోయాక కూడా ఖర్చుపెట్టేందుకు, విడిగా నీటి నిధిలో జమ చేయాలి. ఒప్పందంపై సంతకాలు కాకముందే ఇది జరగాలి. సంతకాలయ్యాక ఏ కంపెనీ ఈ షరతును నెత్తికెత్తుకోదు.