సకుటుంబ మంచు దినం: మార్గదర్శకాలు

డిసెంబరు ముగియవస్తోందంటే ఒడిశాలోని బరంపురం తెలుగు కుటుంబాలకు ఒక జాతీయ కర్తవ్యం గుర్తొస్తుంది. మంచు చూసి తీరాలి. కాశ్మీరు దూరాభారం. ‘ఒడిశా కాశ్మీర్’ అని బిరుదు తగిలించుకున్న దారింగ్‌బాడి అయితే ఆస్కా, సొరడ మీదుగా సుమారు 120 కిలోమీటర్లే. 3,000 అడుగుల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో ఆకాశం నుంచి మంచు రాలదు కదా అని ఎవరైనా గొణిగితే, వాళ్లను కారు డిక్కీ పక్క సీట్లో కూర్చోబెట్టాలి.

అక్కడ దొరికేది గాలిలోని తేమ గడ్డకట్టి గడ్డి మీద పేరుకునే తెల్లటి పొర. దానికి మబ్బు లేని రాత్రి కావాలి, గాలి కదలకూడదు, కాస్త తేమ ఉండాలి. నేల తన వేడినంతా ఆకాశానికి ధారపోస్తుంది. మనిషి ఎత్తున పెట్టిన థర్మామీటరు 3, 4 డిగ్రీలు చూపిస్తున్నా, కింద గడ్డిపరక సున్నా దాటి దిగిపోతుంది. రాత్రి మబ్బు పట్టిందా, పొర లేదు. ఆ సంగతి సాయంత్రమే తేలిపోతుంది గానీ, లాడ్జి అడ్వాన్సు తిరిగి రాదు కాబట్టి ఆకాశం వంక ఎవరూ తలెత్తరు.

ఇక తెల్లారకముందే అందరూ వ్యూపాయింటుకి ఎక్కాలి. ఇది ఆచారం. చల్లగాలి బరువైనది, నీళ్లలా పల్లానికి జారి లోయలో నిలబడుతుంది, అందుకే పొర కట్టేది కిందనున్న వరి కోసిన మళ్లలో. ఆ మళ్లను హెడ్‌లైటు వేసుకుని మరీ దాటేసి, కొండెక్కాక “ఏదిరా బాబయ్యా మంచు?” అని వాపోవడం సంప్రదాయం.

దిగి వచ్చేసరికి ఎండ తగిలి ఉంటుంది. సూర్యుడు తాకిన అరగంటకల్లా పొర నీరైపోతుంది. మామ్మ వేణ్నీళ్ల స్నానానికి పట్టే వ్యవధి కూడా సరిగ్గా అంతే.

త్వరపడిన కుటుంబానికి మాత్రం దర్శనం దక్కుతుంది. ఆకు అంచున ఉప్పురవ్వలాంటి పలుకులు, వేలు తాకితే చెమ్మ. చెట్టు కింద ఏమీ ఉండదు. ఆకాశానికి పోయే వేడిని కొమ్మలు అడ్డుకుని కొంత తిరిగి ఇస్తాయి. కారు టాపు మీద కడుతుంది, తలుపుల మీద అంతగా కట్టదు. టాపంతా స్టీలు గరిటెతో గీకితే నిమ్మకాయంత ముద్ద వస్తుంది, సొరడ రోడ్డు దుమ్ముతో సహా. బొమ్మ చేయమని పిల్లలు అడుగుతారు. తల చేయడానికి సరిపోతుంది, మొండెం వచ్చే ఏడు.

అద్దం మీది పొరకు మరిగిన నీళ్లు పోసే ఘనులు ప్రతి కుటుంబంలోనూ ఒక్కరుంటారు. గాజు ఒక్కసారిగా సాగి పగులుతుంది. హీటరు వేసి పది నిమిషాలు ఆగితే చాలు. బొగ్గుల కుంపటి గదిలో పెట్టి తలుపులు బిగించుకోవడం మాత్రం వేళాకోళం కాదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పర్యాటక ద్రోహి ఒకడున్నాడు: టమాటా రైతు. పొర పడితే ఆకులు మాడి నల్లబడతాయని సాయంత్రమే చేనికి తేలికపాటి తడి పెడతాడు. తడిసిన నేల పగటి వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. ఇంతమంది ఇంతదూరం వస్తే చేలో తెల్లదనం లేకుండా చేసే ఈ ధోరణిని మన కుటుంబాలు ఖండించాలి.

గడ్డి మీది పొరను నమ్ముకోలేనివారికి పాత పద్ధతి ఉంది, దీనికీ మబ్బు లేని రాత్రే కావాలి. అలహాబాదు ప్రాంతంలో ఐసు తయారుచేసే విధానాన్ని బ్రిటిష్ సైనికాధికారి రాబర్ట్ బార్కర్ 1775లోనే రాసిపెట్టాడు. చెట్టు నీడ లేని చోట గుంట తవ్వి, జానెడు మందాన చెరకు గడలో ఎండిన మొక్కజొన్న చొప్పో పరిచి, దాని మీద మెరుగు పెట్టని మట్టి మూకుళ్లలో కాచి చల్లార్చిన నీళ్లు పలుచగా పోయాలి. ఆ పరుపు లేకపోతే నేల వేడి కింది నుంచి ఎక్కి పని చెడుతుంది. స్టీలు పళ్లెం వద్దు, మట్టి మూకుడైతే నీరు ఊరి ఆవిరై మరింత చల్లబడుతుంది. పిల్లకొక మూకుడు చొప్పున లెక్కేసుకుని, తగువులకి రెండు అదనంగా పెట్టుకోండి.