అది వింటేజ్ పేపర్ కాదు స్వామీ, మిల్లు మస్టరు

పొద్దున్నే ఒక అమ్మకం పోస్టు కళ్ళబడింది. "ఒరిజినల్ బొంబాయి మిల్లు వింటేజ్ పేపర్, స్క్రాప్‌బుక్‌లకీ శుభలేఖలకీ అదిరిపోతుంది." పేజీ రెండొందల యాభై. కింద వరసబెట్టి గుండె బొమ్మలు. ఫొటో పెద్దది చేసి చూస్తే అది బట్టల మిల్లులో నూలు వడికే రింగ్ ఖాతా (విభాగం) మస్టరు, అంటే కార్మికుల హాజరు పుస్తకం. ఎడమ పక్క టికెట్ నంబరు (కార్మికుడికి మిల్లు ఇచ్చిన నంబరు), తర్వాత పేరు, ముప్పై ఒక్క గడులు, చివర రిమార్కులు. కుట్టు విప్పి, పేజీలు విడదీసి, అంచులు నీటుగా కత్తిరించి మరీ అమ్ముతున్నాడు మహానుభావుడు. చిరుగులుంటే శుభలేఖకి కళ రాదు కదా!

నెల, సంవత్సరం, ఖాతా, షిఫ్టు రాసేది ఆ పై అంచులోనే. అది కత్తిరించాక మిగిలేది ఏ మిల్లుదో ఏ ఏటిదో తెలియని పేర్ల పట్టీ. కోర్టుకీ పనికిరాదు, చరిత్రకీ పనికిరాదు. శుభలేఖకి మాత్రం భేషుగ్గా ఉంటుంది.

ముంబైలో మిల్లు కార్మికుడికి ప్రభుత్వం లాటరీ తీసి ఇచ్చే ఇల్లు రావాలంటే 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మిల్లులో పనిలో ఉన్నట్టు కాగితం చూపాలి. అదే నెల 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నడిపిన మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది బయటికొచ్చారు, చాలామందికి మళ్ళీ గేటు తెరుచుకోలేదు. 2012 లాటరీలో తీసినవి 6,925 ఇళ్ళు, ఒక్కోటి 225 చదరపు అడుగులు. దానికి అడిగే రుజువులు చూడండి: టికెట్ నంబరు, గుర్తింపు కార్డు, లాల్ పాస్, సెలవు కార్డు, పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ నంబరు, జీతం చీటీ, హాజరు పట్టీ నకలు. చాల్‌లో, అంటే వరస గదుల కార్మికుల లోగిల్లో, పదడుగుల గదిలో ఎనిమిది మంది పడుకునేచోట కార్డు పోకుండా ఉంటుందా? అది పోతే మిల్లు పుస్తకమే దిక్కు. మిల్లు మూతపడితే పుస్తకం రద్దీవాడి (పాత కాగితాలు కొనేవాడి) తక్కెట్లోకి. అప్పటి వేతనాల చట్టం సంగతంటారా, జీతాల రిజిస్టరు ఆఖరి పద్దు నుంచి మూడేళ్ళు దాస్తే చాలంది. వడ్డీ వ్యాపారి ప్రామిసరీ నోటు ఇంకా ఎక్కువ కాలం దాస్తాడు.

హెరిటేజ్ అంటే మిల్లు స్థలాల్లో మాల్స్ కట్టినవాళ్ళకి పాత మిల్లు చిమ్నీ. మాల్ మధ్యలో చిమ్నీ నిలబెట్టి, రంగు లైట్లు వేసి, కింద నిలబడి సెల్ఫీ. మనిషి గురించి చిమ్నీ ఏం చెబుతుందండీ? చెప్పేది రిమార్కుల గడి. ఎండాకాలం పేజీలు తిప్పండి, గైర్హాజర్లు గుంపులుగా కనిపిస్తాయి: ఊళ్ళో పెళ్ళిళ్ళు, తొలకరి పనులు. మనిషి రాని రోజు అతని సాంచా (యంత్రం) మీద నిలబడేది బద్లీ, అంటే మారు మనిషి. 1935 నుంచి బద్లీలకి కార్డులిచ్చారు. రోజూ పొద్దున గేటు దగ్గర హాజరవ్వాలి, పర్మినెంటు మనిషి రాకపోతేనే పని, పని దొరికితేనే కూలి. అంటే ఒకడి ఇంట్లో జ్వరం ఇంకొకడి ఇంట్లో అన్నం. ఇది చిమ్నీ మీద రాసి ఉంటుందా?

ఖానావళి, అంటే ఇంట్లోనే నడిపే భోజనాల మెస్, ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఒంటరిగా వచ్చిన మగాళ్ళకి రెండు పూటలా వండిపెట్టి, నెలాఖరున లెక్క చూసుకున్నది వాళ్ళు. 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టాకే బ్యాంకులకి వాళ్ళొక లెక్కలోకొచ్చారు. సమ్మెలో ఎవరు ఎన్ని నెలలు అప్పు మీద తిన్నారో వాళ్ళ లెక్క చిట్టాలు చెబుతాయి. అదీ ఆర్కైవే అనుకున్న నాథుడెవరు?

అన్నట్టు, లామినేషన్! ఎన్నిసార్లు మొత్తుకోవాలి? తాతగారి టికెట్‌ని భద్రం అంటూ పది రూపాయలిచ్చి వేడి యంత్రంలో దూరుస్తారు. కాగితంలోని ఆమ్లం లోపలే ఉండి పెళుసు చేస్తూనే ఉంటుంది, అతుక్కున్న ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు, వానాకాలం అంచు లేచిందా తేమ దూరి బూజు. కావలసింది పాలియెస్టర్ కవరు, రెండు పక్కలా తెరిచి ఉన్నది. తుప్పు పట్టిన స్టేపుల్ పిన్ను గుంజి పీకొద్దు. కింద పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, కాళ్ళు పైకెత్తి, మెల్లగా తియ్యండి. చిరిగితే సెల్లోటేపు వద్దు, జిగురు పసుపెక్కి లోపలికి ఇంకుతుంది. జపాన్ టిష్యూ (పల్చటి గట్టి కాగితం), గోధుమ స్టార్చి గంజి చాలు. తడిస్తే 48 గంటల్లోపు ఆరాలి, లేదంటే బూజే. ఫ్యాను కింద అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టండి, ఎండలో కాదు. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో పెట్టండి. ఊదా కాపీయింగ్ పెన్సిల్ రాతని తడిగుడ్డతో తుడిచారంటే అక్షరం మిగలదు.

ఇక ఫొటోలు. ఫ్లాష్ తీసెయ్యండి, వెలుతురు పక్క నుంచి రావాలి. ముందు అట్ట, తర్వాత వెన్ను, తర్వాత వరసగా పేజీలు, ఖాళీవి కూడా. పేర్లున్న పేజీ ఒక్కటే తీసి పంపే పుణ్యాత్ములున్నారు, అది ఏ పుస్తకంలోదో ఎవడు చెప్పాలి?

కరీంనగర్, నల్గొండ నుంచి వెళ్ళిన మన పద్మశాలీల పేర్లైతే వెతకడమే నరకం. మనకి ఇంటిపేరు ముందు, మరాఠీ గుమాస్తాకి ఇంటిపేరు చివర, మధ్యలో తండ్రి పేరు. ఇంటిపేరు అసలు పేరైంది, తండ్రి పేరు ఇంటిపేరైంది. పీఎఫ్‌లో ఒక నర్సయ్య, ఈఎస్‌ఐలో ఇంకో నర్సు. అందుకే ముందు మిల్లు, ఖాతా, టికెట్ నంబరు పట్టుకుని వెతకాలి, పేరు ఆఖరున.

అయినా రద్దీవాణ్ణి తిట్టి ఏం లాభం? వాడు కిలోకి కొన్నాడు, పేజీకి అమ్ముకుంటున్నాడు. మన సంఘాల పెద్దలకేమైంది? ఆర్ట్ పేపరు మీద రజతోత్సవ సావనీర్లు వేస్తారు: అధ్యక్షులవారి సందేశం, మంత్రిగారి సందేశం, శాలువా ఫొటోలు నలభై పేజీలు. కార్మికుల గురించి అర పేరా, "మనవారు కష్టజీవులు" అని. ఎంత పరిశోధన! సభ్యత్వ ఫారాల్లో ఊరు, మిల్లు, ఖాతా, చాల్ గది నంబరు అన్నీ ఉండేవి. ఆఫీసుకి రంగులేసినప్పుడు బస్తాల్లో కట్టి పారేశారు. సందేశాల ఒరిజినళ్ళు మాత్రం ఫ్రేములు కట్టించి గోడకి తగిలించారు.

మళ్ళీ సావనీరు వేస్తున్నారట. వెనక అట్టకి ఇంత, రంగుల పేజీకి ఇంత అని రేట్లు అప్పుడే వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. పాత కార్మికుల పేర్లూ టికెట్ నంబర్లూ రెండు పేజీలు వెయ్యమని ఎవరో గ్రూపులో అడిగితే వచ్చిన జవాబు: "స్పాన్సర్ ఎవరు?"