సీసా మీది వంశవృక్షం

కవలపిల్లలు అన్న మాట చెవిన పడేంతవరకు నేను ఎంతో బుద్ధిగా కూర్చున్నానని ముందుగా మనవి చేసుకుంటున్నాను. ఎడిన్‌బరోలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు నాకు కోటలూ చర్చిలూ చూపించి చూపించి విసిగిపోయి, ఒక సాయంత్రం ఒక మద్యశాల నేలమాళిగకు తీసుకువెళ్ళాడు. తలకు ఇంతని ముందే రుసుము కట్టిన పన్నెండు మందికి, పైన్, స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల లేత చిగుళ్ళు వేసి కాచిన సంప్రదాయ స్కాటిష్ ఏల్‌ను అక్కడ రుచి చూపిస్తారు, దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా బోధిస్తారు. బోధకుడు గళ్ళ కిల్టు, అంటే స్కాటిష్ మగవాళ్ళ పావడా, కట్టిన యువకుడు. సీసాను అతడు రెండు చేతులా పట్టుకున్న తీరు చూస్తే, పురిటిగదిలోంచి పసికందును బయటికి తెస్తున్న మంత్రసాని గుర్తుకు వచ్చింది.

ఏల్ అంటే బార్లీ మాల్టును కాస్త వెచ్చని చోట పులియబెట్టి తీసే బీరు. మామూలుగా చేదు కోసం హాప్స్ పువ్వులు వేస్తారు. ఇందులో వాటి పని ఈ చిగుళ్ళు చేస్తాయి. ఆల్కహాలు 7.5 శాతం. దీనిని చల్లబరచకూడదట, గది ఉష్ణోగ్రత దగ్గరే వైన్ గ్లాసులో పోసి తాగాలట. ఎడిన్‌బరో నేలమాళిగలో గది ఉష్ణోగ్రత అంటే మన ఇళ్ళలో ఫ్రిజ్ కింది అరలో వంకాయలు అనుభవించే ఉష్ణోగ్రత.

మొదట వాసన చూడమన్నారు. గ్లాసును మూడుసార్లు తిప్పి, ముక్కు లోపల పెట్టి, కళ్ళు మూసుకుని, ఏమి తోచిందో ఒక్కొక్కరూ చెప్పాలి. ఎదుటి బల్ల దగ్గరున్న పెద్దమనిషి వానలో తడిసిన అడవి అన్నాడు. ఆయన భార్య చిన్ననాటి క్రిస్మస్ ఉదయం అన్నది. ఇంకొకాయన చాలాసేపు ఆలోచించి, తాతగారి చెక్కపెట్టె అన్నాడు. అందరూ ఆయన తాతగారిని గౌరవిస్తూ తలలు ఊపారు. నా వంతు వచ్చింది. నాకు తోచింది మాత్రం ఉదయం ఎనిమిది గంటల వేళ జిల్లా ఆసుపత్రి వరండా. బకెట్టులో గుడ్డ ముంచి, పిండి, నేల తుడుస్తూ వెనక్కి వెనక్కి నడిచే ఆయా కూడా కనిపించింది.

"ఫినాయిలు" అన్నాను.

"మావయ్యా, మీరు కాసేపు ఏమీ అనకండి" అన్నాడు మేనల్లుడు తెలుగులో, బోధకుడి వైపు చిరునవ్వు నవ్వుతూనే.

నేను ఎగతాళికి అనలేదు. మనం ఇళ్ళలో వాడే తెల్ల ఫినాయిలులో కలిపేది పైన్ నూనే కాబట్టి, ఆ గదిలో అందరికన్నా శాస్త్రీయంగా మాట్లాడినవాడిని నేనే. పైగా నిష్పక్షపాతంగా చెప్పాలంటే, ఆ పానీయం నోట్లో పడ్డాక బాగుంది. మొదట మాల్టు తీపి, తరువాత నిమ్మతొక్క కొరికినట్టు సన్నని చేదు, మింగాక గొంతులో గుగ్గిలం పొగలాంటిది కొంచెంసేపు నిలిచింది. చింతచిగురు పప్పు తిని పెరిగినవాడికి చెట్టు చిగురు నోట పెట్టుకోవడానికి ఎవరి బోధా అవసరం లేదు. తాగనిచ్చి ఊరుకుంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

ఊరుకోలేదు. ఈ పానకాన్ని స్కాట్లాండ్‌కు పరిచయం చేసినవారు నార్వే వైపు నుంచి ఓడల్లో వచ్చిన దోపిడీవీరులు వైకింగులని, సముద్రయానాల్లో సి విటమిన్ లోపించి వచ్చే స్కర్వీ రోగాన్ని తరిమినది ఇదేనని, అందుకు లోకం చుట్టిన ఆంగ్ల నావికుడు కెప్టెన్ కుక్కే సాక్షి అని, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ ద్వీపాల్లో దీనిని సేవించిన దంపతులకు కవలలు పుడతారని ప్రతీతి అని బోధకుడు ఒక్క ఊపిరిలో సెలవిచ్చాడు. క్రిస్మస్ ఉదయం చూసిన ఆవిడ గ్లాసును మెల్లగా బల్ల మీద పెట్టి, మరి ముట్టుకోలేదు.

షెట్లాండ్‌లో చెట్లు లేవు. గాలీ, ఉప్పూ, గొర్రెలూ కలిసి చెట్టన్న వస్తువును దాదాపు లేకుండా చేసిన ద్వీపాలు అవి. కవలలు కావాలనుకున్న షెట్లాండ్ గృహస్థుడు స్ప్రూస్ చిగురు కోసం పడవెక్కి నార్వే దాకా వెళ్ళి రావాలి. అతడు తిరిగి వచ్చేసరికి కవలలు కాదు కదా, సంసారమే మిగలదు. ఇక వైకింగుల సంగతి. స్కాట్లాండ్‌లో పైన్ అనాదిగా ఉంది, దానికి నాకు అభ్యంతరం లేదు. స్ప్రూస్ అలా కాదు. నార్వే స్ప్రూస్ బ్రిటన్ నేల మీద పాతుకున్నది 16వ శతాబ్దంలో. ఈనాడు అక్కడి తోట అడవుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే సిట్కా స్ప్రూస్ అలాస్కాలోని ఒక ఊరి పేరు పెట్టుకున్న చెట్టు. స్కాట్లాండ్‌లోని స్కోన్‌లో పుట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు డేవిడ్ డగ్లస్ దాని విత్తనాలను అమెరికా పశ్చిమ తీరం నుంచి పంపింది 1831లో. వైకింగులు స్కాట్లాండ్ పశ్చిమాన అయోనా దీవిలోని క్రైస్తవ మఠం మీద పడి దోచుకున్నది 795లో. అంటే బోధకుడి లెక్క ప్రకారం, ఒక చేత గొడ్డలీ మరొక చేత కుండీలో మొక్కా పట్టుకుని తీరం దిగిన వైకింగు, సన్యాసిని నరకబోతూ చటుక్కున ఆగి, "ఒక్క క్షణం స్వామీ, మొక్కకు నీళ్ళు పోసి వస్తాను" అని ఉండాలి. ఆ షెట్లాండ్ స్కాట్లాండ్ చేతికి వచ్చిందే 1469లో, అదీ స్కాట్లాండ్ రాజుకిచ్చిన కూతురి కట్నం చెల్లించలేక డెన్మార్క్ రాజు మొదటి క్రిస్టియన్ ఆ ద్వీపాలను తాకట్టు పెట్టినప్పుడు. ఆ తాకట్టు ఈనాటికీ విడిపించలేదు. కట్నం బాకీ కింద జమ అయిన ఊళ్ళను కూడా పూర్వీకుల వారసత్వంలో రాసేసుకున్నారు.

కుక్ కాచాడు, నిజమే. 1773లో, న్యూజిలాండ్‌లోని డస్కీ సౌండ్ దగ్గర, రిము, మానుకా అనే అక్కడి చెట్ల ఆకులతో, బెల్లపు మడ్డి కలిపి గంటల తరబడి మరిగించాడు. అంతలా మరిగిస్తే సి విటమిన్ చాలావరకు ఎగిరిపోతుంది. స్కర్వీకి అసలు మందేదో 1747లో పన్నెండు మంది నావికుల మీద పరీక్షించి నారింజలూ నిమ్మకాయలూ అని తేల్చిన జేమ్స్ లిండ్ అచ్చంగా ఎడిన్‌బరో మనిషే. ఆ నేలమాళిగలో ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. నిమ్మకాయను వైన్ గ్లాసులో పెట్టి ఇంత ధరకు అమ్మడం కష్టం కదా.

ఇంతవరకు నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఆ తరువాత బోధకుడు గ్లాసు పైకెత్తి, "హైలాండ్ పూర్వీకుల చేతి కాపు" అన్నాడు. నాకు నవ్వు ఆగిపోయింది.

ఎవరి పూర్వీకులు నాయనా? 1814లో, హైలాండ్స్ అనే ఆ ఉత్తరపు కొండసీమలో, సదర్లాండ్ జిల్లాలోని స్ట్రాత్‌నేవర్ లోయలో గొర్రెల మేపుకు నేల కావాలని మనుషులను వెళ్ళగొట్టినప్పుడు, వాళ్ళు తిరిగి కట్టుకోకుండా ఇళ్ళ దూలాలకు నిప్పు పెట్టారు. కలప దొరకని ఆ చోట, పీట్ నేలల్లోంచి, అంటే కుళ్ళిన నాచు పేరుకున్న బురదనేలల్లోంచి, తవ్వి తీసిన పాతకాలపు పైన్ దుంగే ఇంటికి దూలం. ఇల్లు మారితే దానిని మోసుకుపోయేవారు. ఆ పని చేయించిన, అక్కడి జమీందారీ దివాణం ఉద్యోగి పాట్రిక్ సెల్లార్, ఆ నేలను గొర్రెల కోసం కౌలుకు తీసుకున్నవాడు కూడా తానే. నూరేళ్ళకు దగ్గరపడిన ఒక ముసలమ్మ, కాలుతున్న ఇంట్లోంచి మోసుకొచ్చిన కొద్ది రోజులకే చనిపోయిందని అభియోగం. 1816లో సెల్లార్‌ను ఇన్వర్నెస్‌లో విచారించి, నిర్దోషి అని ఇంటికి పంపించారు. వెళ్ళగొట్టినవాళ్ళు కాదు, వెళ్ళిపోయినవాళ్ళ మనవలు చదివిన బళ్ళకు 1872లో చట్టం చేసినప్పుడు అందులో వాళ్ళ ఇంటి భాష గేలిక్‌కు చోటు పెట్టలేదు. చిగురు ఎప్పుడు కోయాలో, ఎంతసేపు కాచాలో చెప్పగలిగిన ముసలివాళ్ళను పడవలెక్కించి కెనడాకు తోలి, చెప్పే భాషను బడి గుమ్మంలో ఆపి, ఇప్పుడు వాళ్ళ వంటకమని సీసా మీద అచ్చువేస్తారా? సిగ్గన్నది కూడా గది ఉష్ణోగ్రత దగ్గరే ఉంచుకోవాలా?

పైన్, స్ప్రూస్ జంటగా అదే సదర్లాండ్‌కు పెద్ద ఎత్తున ఎప్పుడు వచ్చాయో కూడా చెబుతాను. 1980లలో. పన్ను రాయితీ కోసం డబ్బున్నవాళ్ళు ఫ్లో కంట్రీ అనే పీట్ నేలలను దున్నించి, సిట్కా స్ప్రూస్, లాడ్జ్‌పోల్ పైన్ నాటించారు. రెండూ అమెరికా చెట్లే. 1988 బడ్జెట్‌లో రాయితీ ఎత్తివేయగానే వాళ్ళ వృక్షప్రేమ కూడా ఎండిపోయింది. ఆ తోటల్లో కొన్నింటిని నరికి, పీట్ నేలను మళ్ళీ తడిపే పని నేటికీ సాగుతోంది. 2024లో ఆ నేలకు ప్రపంచ వారసత్వ హోదా కూడా వచ్చింది, చెట్లకు కాదు, బురదకు.

చివరగా ప్రశ్నలు అడగమన్నారు. ఈ స్ప్రూస్ ఈ దేశానికి ఏ సంవత్సరంలో వచ్చిందని నేను అడిగాను. బోధకుడు కిల్టు సవరించుకుని, చాలా పురాతనమైనదని మాత్రం చెప్పగలనన్నాడు. బల్ల కింద మేనల్లుడు నా కాలు తొక్కాడు. పెద్దమనిషి భార్య ముట్టని గ్లాసు అలాగే నిండుగా ఉంది. ఆవిడ దానిని మర్యాదగా నా వైపు జరిపింది. డబ్బు కట్టిన వస్తువు కదా అని, నా వయసు వల్ల కవలల భయం కూడా లేదు కనుక, తాగేశాను.